బిగుసుకున్న బోల్ట్ నేర్పిన ఇంటర్వ్యూ పాఠం

‘నడుస్తున్న మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మొదట ఏం చేస్తావు?’ నా మొదటి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది. ‘మోటార్ మారుస్తా సార్’ అన్నా. ఉద్యోగం రాలేదు. బస్సులో ఓర్వకల్లుకు తిరిగొస్తుంటే ఎన్‌సీసీ రోజుల నాటి తుపాకీ గుర్తొచ్చింది. జవాబు అక్కడే ఉంది!

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో పరేడ్‌కు ముందు నా చేతికి పాత .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఇచ్చారు. బ్రిటిష్ సైన్యం 1895లో తీసుకున్న రకం అది. మన దేశంలో ఇషాపూర్‌లోనూ తయారైంది. మా ఎన్‌సీసీలో దాన్ని డ్రిల్లుకు వాడేవారు. ఎంత లాగినా దాని బోల్ట్ పైకి లేవలేదు. ‘తుప్పు పట్టిందిరా, సుత్తి తెస్తా ఉండు’ అన్నాడు ఫ్రెండ్. నేనూ సరేనన్నా. హవల్దార్ సార్ చూసి ఆపేశారు.

సార్ ఏం చేశారంటే..

* ముందు భద్రత: గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పారు. ట్రిగ్గర్‌పై వేలు పెట్టలేదు. లోపల చూసేదాకా లోడై ఉన్నట్టే లెక్క అన్నారు.

* సులువైన కారణం: ఎడమ పక్కనుండే సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ కదలదు. చూస్తే, వేసి లేదు.

* తర్వాతది: బోల్ట్ వెనకుండే కాకింగ్ పీస్ సగంలో ఆగి ఉంది. దీన్నే హాఫ్‌కాక్ అంటారు. అప్పుడు ట్రిగ్గర్, బోల్ట్ రెండూ లాకవుతాయి. సార్ దాన్ని వేళ్లతో పూర్తిగా వెనక్కి లాగారు. బోల్ట్ టక్కున లేచింది!

* చివరిగా: అదీ కాకపోతేనే గడ్డకట్టిన గ్రీజు, తుప్పు. వాటికి నూనె వేసి ఓపిక పట్టాలి. ‘వేరే తుపాకీ బోల్ట్ వేద్దామా సార్?’ అని అడిగా. ఒప్పుకోలేదు. ప్రతి బోల్ట్‌నూ దాని తుపాకీకే సరిపోయేలా అమర్చి, అదే నంబర్ వేస్తారట.

అంటే తుపాకీలో లోపమే లేదు. సుత్తి దెబ్బ పడుంటే మేమే పాడుచేసేవాళ్లం.

రెండో ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వస్తే ఈ క్రమమే చెప్పా: పవర్ ఆపుతా, సేఫ్టీ స్విచ్‌లు చూస్తా, సెన్సర్లు చూస్తా, విప్పడం ఆఖర్న. ఈసారి ఉద్యోగం వచ్చింది.

ఓర్వకల్లు పారిశ్రామిక నోడ్‌కు 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. రేపు ఇక్కడ మెయింటెనెన్స్ ఉద్యోగానికి వెళ్లినా ఈ ప్రశ్న తప్పదు. ఇప్పటి నుంచే ల్యాబ్‌లో ఏదైనా మొరాయిస్తే ఏం చూశారో, ఏది కాదని తేలిందో వరుసగా రాసుకోండి.

ఒక్క మాట: నిజమైన పాత తుపాకీ కంటబడితే మాత్రం ఇవేవీ మీరు ప్రయత్నించకండి. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం ఆయుధాల చట్టం-1959 ప్రకారం నేరం. ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి.