వార్తల్లో పదం: ఆటోమేటెడ్ బిల్డ్

సోర్స్ కోడ్‌ను మన కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోగల ప్యాకేజీగా మార్చడమే బిల్డ్. మదీనాగూడ నుంచి హైటెక్ సిటీకి వెళ్లే ఇంజినీర్లలో కొందరికి ఇది జీతం పని. 1993లో మొదలైన డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో మాత్రం ఈ బాధ్యత వాలంటీర్లది. పోతన, వేమన తెలుగు ఫాంట్లు కూడా అక్కడ ప్యాకేజీగా దొరుకుతాయి.

వాలంటీరు సోర్స్ పంపగానే ‘బిల్డ్‌డి’ యంత్రాలు ఇంటెల్, ఆర్మ్ వంటి ఒక్కో ప్రాసెసర్ రకానికీ విడివిడిగా వాటంతటవే బిల్డ్ చేస్తాయి. తర్వాత ‘ఆటోపీకేజీటెస్ట్’ ఆ ప్యాకేజీతో పాటు దానిమీద ఆధారపడ్డ వాటినీ పరీక్షిస్తుంది. నిన్నటిదాకా నెగ్గిన పరీక్ష ఇవాళ తప్పిందా, కొత్త వెర్షన్ ‘అన్‌స్టేబుల్’ అనే తొలి దశ దాటి ‘టెస్టింగ్’ దశలోకి వెళ్లదు. 2019లో మరో మంచి నిబంధన వచ్చింది. డెవలపర్ సొంత ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి పంపిన ప్యాకేజీ టెస్టింగ్‌లోకి వెళ్లదు. ఆ ల్యాప్‌టాప్‌లో ఏముందో ఇంకెవరికీ తెలియదు కదా!

ఇన్ని కాపలాలున్నా 2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దాచిన దొంగదారి బిల్డ్ జరిగేటప్పుడే ప్యాకేజీలోకి చొరబడింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయడంతో మార్చి 29న బయటపడింది. అప్పటికి డెబియన్ టెస్టింగ్‌లోకి వచ్చేసింది. తుది దశ అయిన ‘స్టేబుల్’కు మాత్రం చేరలేదు.