కంప్యూటర్ సైన్సా, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీయా?

నగరిలో ఏ వీధి కేగినను మరమగ్గముల చప్పుడు వినవచ్చును. ఆ చప్పుడు నడుమ పెరిగిన బాలబాలికలు ఇంటర్మీడియెట్ ముగించి, ప్రవేశపరీక్షలో ర్యాంకు తెచ్చుకొని మమ్ము అడుగు ప్రశ్న యొకటి గలదు: కంప్యూటర్ సైన్సులో చేరవలెనా, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీలోనా? రెండును కంప్యూటరు చదువులే గదా, రెండు పేర్లెందుకని తల్లిదండ్రుల సందేహము. అది సహేతుకమే.

జకార్డు మగ్గము నెరిగినవారికి దీనిని తెలుపుట సులభము. అట్టలో రంధ్రమున్నచోట పడుగు దారము లేచును, లేనిచోట లేవదు. ఫ్రాన్సు దేశస్థుడగు జకార్డు 1804 ప్రాంతమున ఈ యుక్తిని నెలకొల్పెను. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హొలెరిత్ వాడినవియు రంధ్రముల కార్డులే. ఉన్నది, లేదు అను రెండు గుర్తులతోనే నేటి కంప్యూటరును నడచుచున్నది.

రంధ్రము ఎచట వేసిన ఏ బుటా వచ్చును, తక్కువ అట్టలతో అదే బుటా తీయవచ్చునా, ఈ యంత్రముతో నేయజాలని బుటా గలదా అని విచారించునది కంప్యూటర్ సైన్సు. అందు గణితము, ఆల్గరిథములు, కంపైలర్లు అధికము. మగ్గముల నన్నిటిని ఏర్పరచి, నూలు రాకను, బట్ట పోకను, లెక్కలను, దొంగల భయమును కనిపెట్టి నడుపునది ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. అందు డేటాబేసులు, నెట్‌వర్కులు, సమాచార భద్రత ముఖ్యములు. ఈ పోలిక కొంత మోటుది. ఏలయన ప్రోగ్రామింగు, డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగు సిస్టములు ఇరువురును చదువవలసినవే. గేట్ పరీక్షలో ఈ రెంటికిని కలిపి ఒకే ప్రశ్నపత్రము గలదు. ఉద్యోగములకు వచ్చు సంస్థలును సాధారణముగా ఇరువురిని పిలుచును; ప్రోగ్రాము వ్రాయగలడా అని చూచునుగాని శాఖ పేరును అంతగా పట్టించుకొనవు.

గణితమన్న ఇష్టపడి పైచదువులకు, పరిశోధనకు పోదలచినవారు మొదటిదానిని కోరుట మేలు. తక్కినవారు శాఖకంటె కళాశాలను చూడవలెను.

మమ్ము కలతపెట్టు విషయ మొకటి గలదు. మంచి కళాశాలలో కన్వీనరు కోటాలో ఐ.టి. సీటు వచ్చుచుండగా దానిని వదలి, కంప్యూటర్ సైన్సు అను పేరు కొరకై యాజమాన్య కోటాలో చేరి, మగ్గములను తాకట్టు పెట్టువారు గలరు. నాలుగేండ్ల ఫీజు, దానిపై వడ్డీ, ఆ వెనుక మగ్గము లేని ఇల్లు! ఆ రెండు శాఖల నడుమ అంతటి వెల చేయు భేదము లేదని మా నిశ్చితాభిప్రాయము. ఫీజు వాపసు ఏ సీటునకు వర్తించునో చేరకముందే విచారింపవలెను.

కౌన్సెలింగులో ఐచ్ఛికముల వరుస ముఖ్యము. ముందు వ్రాసినదే ముందు పరిశీలింపబడును. కావున మంచి కళాశాలలోని ఐ.టి.ని, అధ్యాపకులు చాలని కళాశాలలోని కంప్యూటర్ సైన్సునకు పైన వ్రాయుటకు వెనుదీయరాదు. ఎన్.బి.ఎ. గుర్తింపు కళాశాల కంతటికిని గాక శాఖకు ఇవ్వబడునది. దానికి గడువును గలదు. చేరదలచిన శాఖకే అది యున్నదా, గడువు ఎప్పటివరకో అడిగి తెలిసికొనవలెను.