నాడి అందకపోయినా మనిషి ఎలా నడుస్తాడు?

ఒళ్లంతటికీ రక్తం పంపేది గుండెలోని ఎడమ జఠరిక. అది బాగా బలహీనపడితే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది, కాళ్లు వాస్తాయి. మందులతో లాభం లేక, మార్పిడికి గుండె దొరకక ఎదురుచూసేవారికి డాక్టర్లు ఓ చిన్న పంపు అమరుస్తారు. దాని పేరు ఎల్‌వ్యాడ్. అసలు గుండెను తీసేయరు. పంపు దాని కింది కొసన కూర్చుని, జఠరికలోని రక్తాన్ని లాగి గొట్టం గుండా బృహద్ధమనిలోకి తోస్తుంది.

2017లో అమెరికాలో అనుమతి పొందిన హార్ట్‌మేట్ 3 అనే ఎల్‌వ్యాడ్ లోపలికి చూద్దాం. నిమిషానికి వేలసార్లు తిరిగే చక్రం దేనికీ ఆనదు! అయస్కాంత శక్తితో రక్తంలో తేలుతూ తిరుగుతుంది. ఎందుకలా? రాపిడి ఉంటే వేడి పుడుతుంది, రక్తకణాలు చితుకుతాయి, గడ్డలు కడతాయి. నాకైతే ఇందులో అన్నిటికన్నా అద్భుతం ఇదే. రక్తం ఎక్కడా నిలిచిపోకుండా ప్రతి 2 సెకన్లకోసారి చక్రం వేగం మారుతుంది కూడా. అయినా గడ్డకట్టకుండా ఆపే మందు వేసుకోవాల్సిందే.

రక్తం ఎడతెగకుండా పారుతుంది కాబట్టి చాలామందికి మణికట్టు దగ్గర నాడి అందదు. అందుకే రక్తపోటును డాప్లర్ పరికరంతో చూస్తారు.

మరి కరెంటు? పొట్ట దగ్గర చర్మంలోంచి ఓ తీగ బయటికొచ్చి, నడుముకు తగిలించుకున్న కంట్రోలరును చేరుతుంది. దానికి రెండు బ్యాటరీలు. తీగ వచ్చేచోట ఇన్ఫెక్షన్ రాకుండా శుభ్రంగా కట్టు మారుస్తూ ఉండాలి. ఈత కుదరదు. పడుకునేటప్పుడు ఇంటి కరెంటుకు కలుపుకోవాలి.