మంచులో ఫీల్డ్ వర్క్: విన్నవి, ఉన్నవి

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లోనో జియాలజీలోనో ఎమ్మెస్సీ చేస్తున్న పిల్లలకు విదేశీ ఫీల్డ్ కోర్సుల మీద మనసు పడుతోంది. మంచిదే. చిక్కల్లా, వాళ్ళకు ఆ కోర్సుల గురించి తెలిసింది రీల్స్ చూసి తెలిసిందే కావడం. ఒకరు దాన్ని చౌకలో దొరికే విహారయాత్ర అనుకుంటారు. ఇంకొకరికి అది ప్రాణాలకు తెగించిన సాహసం. ఇంట్లో పెద్దవాళ్ళ బెంగ వేరు: "ఇంత చదివించింది మంచులో గోతులు తవ్వడానికా?"

ఇలాంటి మాటలు అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల గురించి. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద లాంగియర్‌బ్యేన్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1993 నుంచి ఒక విశ్వవిద్యాలయ కేంద్రం నడుస్తోంది. యూనిస్ అంటారు. ఆర్కిటిక్ జీవశాస్త్రం, భూగర్భశాస్త్రం, భూభౌతికశాస్త్రం, సాంకేతిక విద్య చెబుతారు. పాఠాలు ఇంగ్లీషులోనే. దేశదేశాల పిల్లలు వస్తారు. విన్న మాటల్లో నిలిచేవేవో, తేలిపోయేవేవో చూద్దాం.

అపోహ: ఫీల్డ్ కోర్సంటే చదువు తక్కువ, తిరుగుడు ఎక్కువ.

వాస్తవం: మంచును చదివే విద్యార్థుల రోజు ఇలా ఉంటుంది. స్నోమొబైల్ మీద ఒక కొండవాలుకు చేరతారు. పార పట్టుకుని, నేల తగిలేదాకా గొయ్యి తవ్వుతారు. ఎండ పడని వైపు గోడను కొలతలకు ఉంచుతారు. ఆ గోడ పైన ఎవరూ కాలు పెట్టకూడదు, తొక్కితే పొరలు అణిగిపోయి పొద్దుటి నుంచి పడ్డ శ్రమంతా వృథా. గోడను నున్నగా చెక్కి, పైనుంచి కిందికి ప్రతి 10 సెంటీమీటర్లకు ఒకసారి ఉష్ణోగ్రత తీస్తారు. తర్వాత గట్టిదనం చూడాలి. దానికి పరికరం చెయ్యే. పిడికిలి దిగితే మెత్తని పొర. పిడికిలి ఆగిపోయి నాలుగు వేళ్ళు దిగితే ఇంకాస్త గట్టిది. ఆపైన ఒంటి వేలు, ఆ తర్వాత పెన్సిల్, చివరికి చాకు. మంచును చదివేవాళ్ళు ఎక్కడైనా వాడే కొలబద్ద ఇదే. ఒక్కో పొరలోంచి చిటికెడు మంచు తీసి, గళ్ళు గీసిన పలక మీద చల్లి భూతద్దంతో చూస్తారు. అడుగున నేలకు ఆనుకున్న పొర తరచూ పంచదారలా పొడిపొడిగా జారిపోతుంది. పలుకుకు పలుకు అతుక్కోని ఆ పొర మీదే పైబరువంతా నిలబడి ఉంటుంది. మంచు చరియలు ఎందుకు విరిగిపడతాయో తెలియాలంటే ముందు దాన్ని గుర్తుపట్టడం రావాలి.

ఒకరు కొలుస్తుంటే ఇంకొకరు రాస్తారు. రాసే మనిషి విన్న అంకెను పైకి ఒకసారి చెప్పి మరీ రాయాలి, గాలి హోరులో అరవై ఒకటి ఇరవై ఒకటిలా వినిపిస్తుంది. పెన్నులో సిరా గడ్డకడుతుంది కాబట్టి పెన్సిలే దిక్కు. చలికి బ్యాటరీలు చప్పబడిపోతాయి, వాటిని చొక్కా లోపల ఒంటికి ఆనించి మోసుకెళ్తారు. వాతావరణం ఎదురుతిరిగితే బయలుదేరిన దారినే వెనక్కి రావాలి, ఆ రోజు పేజీ ఖాళీ. అన్నీ కుదిరిన రోజున మాత్రం సాయంత్రం గదికొచ్చి ఆ అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. నా లెక్కలో కోర్సంటే ఇదే. తక్కినదంతా రానుపోను ప్రయాణం.

అపోహ: అక్కడ పెద్ద ప్రమాదం ధ్రువపు ఎలుగుబంటి.

వాస్తవం: ఎలుగుబంట్లు ఉన్న మాట నిజం. ఊరు దాటి వెళ్ళేవాళ్ళ దగ్గర వాటిని బెదిరించి తరిమే సాధనం ఉండి తీరాలని చట్టం. తుపాకీ కూడా వెంట ఉంచుకోమని అధికారులు చెబుతారు. అందుకే యూనిస్‌లో ఫీల్డుకు పంపేముందు భద్రతా శిక్షణ ఇస్తారు. తుపాకీ పట్టడం, ప్రథమ చికిత్స, మంచు కింద కూరుకుపోయిన మనిషిని వెతకడం అన్నీ అందులో భాగమే. తుపాకీతో దిగిన ఫొటో చూసి మనవాళ్ళు వేట అనుకుంటారు. అక్కడ ఎలుగుబంటి 1973 నుంచి రక్షిత జంతువు. 2025 జనవరి నుంచి వచ్చిన నిబంధన ప్రకారం దానికి కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలి. మార్చి 1 నుంచి జూన్ 30 వరకు ఆ దూరం 500 మీటర్లు. ప్రాణం కాపాడుకోవడానికే కాల్చినా గవర్నరు కార్యాలయం విచారణ చేస్తుంది. జట్టంతా గొయ్యి తవ్వుతుంటే ఒకరు మాత్రం పని ముట్టుకోకుండా చుట్టూ చూస్తూ నిలబడతారు, అదే ఎలుగుబంటి కాపలా. కదలకుండా నిలబడ్డ ఆ మనిషే అందరికన్నా ముందు చలికి బిగుసుకుపోతాడు. అందుకని వంతులు వేసుకుంటారు.

1971 నుంచి 2020 వరకు స్వాల్‌బార్డ్‌లో ఎలుగుబంటి దాడుల్లో చనిపోయినవాళ్ళు ఆరుగురు. 2015 డిసెంబరు 19న లాంగియర్‌బ్యేన్ ఇళ్ళ మీదికే మంచు చరియ విరిగిపడింది. ఆ ఒక్కనాడే ఇద్దరు చనిపోయారు. పలచబడ్డ సముద్రపు మంచు మీద స్నోమొబైల్ నడపడం, చెమట పట్టిన బట్టల్లో ఆగిపోవడం, దారి తప్పడం, ఇవన్నీ రోజూ పొంచి ఉండే ప్రమాదాలు. ఎలుగుబంటి కనిపించని రోజుల్లోనూ ఇవి ఉంటాయి.

బ్రోషర్లలో కనిపించని ప్రమాదం ఇంకొకటుంది. అది స్వాల్‌బార్డ్‌దే అనడం లేదు, ఫీల్డు ఎక్కడున్నా వర్తించేదే. అమెరికా మానవశాస్త్రవేత్త కేథరిన్ క్లాన్సీ, ఆమె సహచరులు 2014లో ఫీల్డ్ పరిశోధకుల అనుభవాల మీద ఒక సర్వే ప్రచురించారు. జవాబిచ్చిన 666 మందిలో 64 శాతం మంది ఫీల్డులో లైంగిక వేధింపు మాటలు పడ్డామన్నారు. ఒళ్ళు ముట్టుకుని దాడి చేశారని చెప్పినవాళ్ళు ఐదో వంతుకు పైనే. ఆడపిల్లల విషయంలో ఆ పని చేసినవాళ్ళు ఎక్కువగా పైస్థాయి వాళ్ళే. ఫోను అందని చోట, తిరిగొచ్చే బండి తాళం కూడా ఆ పైవాడి చేతిలోనే ఉన్నప్పుడు ఎవరికి చెప్పుకుంటారు? కోర్సులో చేరకముందే ప్రవర్తనా నియమావళి, ఫిర్యాదు తీసుకునే మనిషి పేరు అడగమనేది అందుకే. ఎలుగుబంటి గురించి అడగడానికి మొహమాటపడని పిల్లలు ఇది అడగడానికి జంకుతారు. జంకాల్సిన పని లేదు.

అపోహ: ఎండదేశం పిల్లలు ఆ చలికి ఆగలేరు. పైగా అమ్మాయిలా!

వాస్తవం: అంత ఉత్తరాన ఉన్న మిగతా చోట్లతో పోలిస్తే స్వాల్‌బార్డ్ పడమటి తీరం వెచ్చనిది. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం ఆ తీరాన్ని తాకుతుంది. 2020 జులై 25న లాంగియర్‌బ్యేన్‌లో 21.7 డిగ్రీలు నమోదైంది. నడి చలికాలంలోనూ వానలు పడుతున్నాయి. ఒకప్పుడు గడ్డకట్టిన ఫ్యోర్డుల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల) మీదుగా దాటిన చోట్ల ఇప్పుడు చుట్టుదారి పట్టాల్సి వస్తోంది. సున్నాకు పది, పదిహేను డిగ్రీలు కిందికి దిగినా బట్టలు సరిగ్గా ఉంటే గుంటూరు పిల్లాడూ నార్వేలోని బెర్గెన్ పిల్లాడూ ఒకటే. నూలు బనీను వేసుకున్నవాడు ఏ దేశం వాడైనా ఇబ్బంది పడతాడు, చెమట పీల్చి తడిగా ఒంటికి అంటుకుని అది చలి పుట్టిస్తుంది. ఒంటికి ఆనేది ఉన్ని, దానిపైన మరో ఉన్ని, గాలి ఆపే పొర అన్నిటికన్నా పైన. నడిచేటప్పుడు ఒక పొర విప్పాలి, ఆగగానే వేసుకోవాలి. మనవాళ్ళు చేసే తప్పు అన్నీ ఒకేసారి తొడుక్కుని చెమటలు పట్టించుకోవడం.

పిల్లల్ని కుంగదీసేది చలికన్నా చీకటి. అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరి మధ్యలో గానీ కనిపించడు. నిద్ర గాడి తప్పుతుంది, ఆకలి మారుతుంది. ఇది బలహీనత అనుకుని దాచుకునేవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు.

అమ్మాయిల మాట. హన్నా రెస్‌వోల్-హోల్మ్‌సెన్ అనే నార్వే వృక్షశాస్త్రవేత్త 1907లోనే అక్కడి మొక్కలు సేకరించింది. స్వాల్‌బార్డ్ వృక్షసంపద మీద ఆమె పుస్తకం 1927లో వచ్చింది. నూరేళ్ళ కిందటే తీరిన సందేహాన్ని మన డ్రాయింగు రూముల్లో ఇంకా చర్చించుకోవడం ఎందుకో.

అపోహ: స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదు, టికెట్ కొనుక్కుని వెళ్ళిపోవడమే.

వాస్తవం: సగం నిజం. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో కుదిరిన ఒప్పందం కింద ఆ దీవుల మీద నార్వేకు సార్వభౌమాధికారం దక్కింది, సంతకం పెట్టిన దేశాల వాళ్ళకు అక్కడ సమాన హక్కులు దక్కాయి. ఆనాడు భారత్ తరఫున సంతకం పెట్టింది బ్రిటనే అనుకోండి. దీవుల్లో ఉండటానికి వీసా అడగరు, అవి ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంజెన్ పరిధికి వెలుపల ఉన్నాయి. కానీ విమానం దిగేదీ మారేదీ ఓస్లోలోనో ట్రోమ్సోలోనో కదా! పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి షెంజెన్‌లోకి అడుగుపెడతారు. ఒక్క ప్రవేశానికే వీసా తీసుకున్నవాళ్ళు తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు. రెండు ప్రవేశాలకో, అంతకు మించో తీసుకోవాలి. పైగా తనను తాను పోషించుకోలేనివాళ్ళను గవర్నరు వెనక్కి పంపించవచ్చు. ఊళ్ళో ఉన్నది చిన్న ఆసుపత్రి, పెద్ద జబ్బు చేస్తే విమానంలో ట్రోమ్సోకు తరలిస్తారు. ఆ ఖర్చు భరించే ఇన్సూరెన్స్ లేకుండా బయలుదేరడం తెలివితక్కువ పని.

నార్వేలో చదువు ఉచితమన్న మాట కూడా పాతబడింది. ఐరోపా బయటి నుంచి వచ్చే కొత్త విద్యార్థుల దగ్గర అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 2023 నుంచి ఫీజు వసూలు చేస్తున్నాయి. ఏ దారిలో చేరుతున్నారో దాన్నిబట్టి మీకు ఎంత పడుతుందో ముందే తేల్చుకోండి.

అపోహ: లాంగియర్‌బ్యేన్‌లో చనిపోవడం నిషేధం.

వాస్తవం: అలాంటి చట్టం లేదు. నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి శవపేటికలు పాతిపెట్టడం దశాబ్దాల కిందటే మానేశారు. అస్థికల పాత్రకైతే అనుమతి దొరుకుతుంది. యూట్యూబు పుణ్యమా అని ఈ కథ మనదాకా వచ్చింది. పిల్లుల్ని పెంచకూడదన్న నిబంధన మాత్రం నిజమే. పక్షుల కోసం పెట్టారు.

అపోహ: విత్తనాల ఖజానా లోపల తిరిగి రావచ్చు, హిమాద్రి నుంచి వీడియో కాల్ చేయవచ్చు.

వాస్తవం: ప్రపంచ దేశాల పంట విత్తనాలు దాచడానికి లాంగియర్‌బ్యేన్ దగ్గర 2008లో తెరిచిన ఆ ఖజానా లోపలికి సందర్శకులను రానివ్వరు. తలుపు ముందు ఫొటో దిగి రావడమే. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాలు ఆ తలుపు వెనక ఉన్నాయని గుర్తుంచుకుంటే ఫొటోకు కాస్త అర్థం ఉంటుంది. ఇక భారత పరిశోధన కేంద్రం హిమాద్రి ఉన్నది లాంగియర్‌బ్యేన్‌లో కాదు, ఇంకా ఉత్తరాన నీ-ఓలెసుండ్‌లో. 2008 జులైలో మొదలైంది. 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళు చలికాలంలోనూ ఉంటున్నారు. అక్కడి రేడియో దూరదర్శినికి అడ్డు రాకుండా ఊరంతా రేడియో మౌనం పాటిస్తుంది. వైఫై, బ్లూటూత్ ఆపేయాలి. ఇంటర్నెట్ కావాలంటే తీగ తగిలించుకోవాల్సిందే.

అపోహ: ఓ ఎముక, ఓ పాత మేకు గుర్తుగా తెచ్చుకుంటే తప్పేముంది?

వాస్తవం: తప్పే. స్వాల్‌బార్డ్ చట్టం ప్రకారం 1946కు ముందు మనిషి వదిలివెళ్ళిన ప్రతిదీ వారసత్వ సంపదే. తిమింగలాల వేటగాళ్ళ కాలం నాటి తుప్పుపట్టిన మేకు తీసి జేబులో వేసుకున్నా నేరమే. మొక్కలు, జంతువుల నమూనాల విషయంలో చిక్కులు ఇంకా ఎక్కువ. ఏ దేశపు జీవసంపద మీద హక్కు ఆ దేశానిదేనని చెప్పే నగోయా ఒప్పందం 2014 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. దాని అమలు కోసం తర్జనభర్జనలు పడిన 11వ అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సు 2012లో జరిగింది మన హైదరాబాద్‌లోనే. కాబట్టి ఈ సంగతి మాకు తెలియదని మనవాళ్ళు అనకూడదు.

అపోహ: ఫీల్డులో శాస్త్రం మనది, దారి చూపడం ఊరివాళ్ళది.

వాస్తవం: స్వాల్‌బార్డ్‌కు ఆదివాసులు లేరు. ఈ అపోహ పటాపంచలైన చోటు చూడాలంటే భూగోళం రెండో వైపు, కోస్టారికాకు వెళ్ళాలి. అక్కడ 1989లో ఇన్‌బియో సంస్థ మొదలైంది. డేనియల్ జాన్జెన్, వినీ హాల్‌వాక్స్ దంపతుల చొరవతో గ్వానకాస్తే ప్రాంతపు రైతులు, గృహిణులు, కూలీలు శిక్షణ పొంది కీటకాలు సేకరించి వర్గీకరించే పని చేపట్టారు. వాళ్ళను పారాటాక్సానమిస్టులు అంటారు. పిహెచ్‌డి కోసం వెళ్ళిన విద్యార్థి వాళ్ళ ముందు కూర్చుని గొంగళిపురుగును ఏ ఆకు మీద వెతకాలో నేర్చుకుంటాడు. ఇంగ్లీషు వస్తే చాలు అనుకుని వెళ్ళినవాడు అక్కడ నోరు మూసుకుని కూర్చుంటాడు. నాలుగు స్పానిష్ మాటలు వచ్చినవాడికి ఊరు తెలుస్తుంది, అడవీ తెలుస్తుంది.

అపోహ: డబ్బు కట్టి వెళ్ళే వాలంటీరు యాత్రలూ ఫీల్డ్ కోర్సులే.

వాస్తవం: కొన్ని మంచివి ఉండవచ్చు. చాలావరకు టూరు ప్యాకేజీకి శాస్త్రం పేరు తగిలించినవే. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. క్రెడిట్లు ఇస్తున్న విశ్వవిద్యాలయం ఏది, మీరు సేకరించిన కొలతలు చివరికి ఎవరి దగ్గరకు చేరతాయి అన్న రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే అది టూరే. అంత డబ్బు పెట్టలేనివాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. నోటుబుక్కు పట్టడం, విన్న అంకెను తిరిగి చెప్పి రాయడం కాకినాడ పక్కన కోరంగి మడ అడవుల బురదలోనూ నేర్చుకోవచ్చు. ఆ అలవాటుతో వెళ్ళినవాళ్ళను విదేశీ కోర్సుల్లో నిలబెట్టి నేర్పాల్సిన అవసరం ఉండదు.

దరఖాస్తు చేసే ముందు నిర్వాహకులకు ఒక ఈమెయిలు రాయండి. ఇన్సూరెన్స్ ఎవరిది, బూట్లు, చలికోట్లు ఇస్తారా కొనుక్కోవాలా, మరుగుదొడ్డి ఏర్పాటు ఏమిటి, రోజుకు ఎన్ని గంటలు పని, ఫిర్యాదు ఎవరికి చేయాలి, అత్యవసరమైతే ఎవరు ఎలా తరలిస్తారు. ఒక్కొక్కటీ అడగండి. వీటికి రాతపూర్వకంగా జవాబివ్వని కార్యక్రమానికి, అది ఎంత పేరున్నదైనా, డబ్బు కట్టకండి.