మందు చల్లు డ్రోనునకు ఎట్టి కంప్యూటరు కావలెను?

సంఘము పక్షమున డ్రోను కొనదలచిన సభ్యులు ట్యాంకి యెన్ని లీటర్లు పట్టునని యడుగుచున్నారు గాని, దానిని నడపు కంప్యూటరును గూర్చి యడుగువారు అరుదు. మొదట విచారింపవలసినది అదియే యని మా యభిప్రాయము.

డ్రోనులోని చిన్న పలక దాని యొరుగును, ఎత్తును, దిక్కును క్షణమునకు వందలమారులు కనిపెట్టి మోటార్లను సర్దుచుండును. ఇందుకు పిక్స్‌హాక్ వంటి పలక చాలును. ఆకాశమునుండియే బొమ్మలను పరిశీలించి తెగులును గుర్తింపవలెనన్న రాస్ప్‌బెరీ పై వంటి రెండవ కంప్యూటరు వలయును. మందు చల్లుటకే యైనచో ఆ వ్యయమేల?

ఇక సాఫ్ట్‌వేరు. ఆర్డుపైలట్, పీఎక్స్-ఫోర్ అను వాని మూలమును ఎవరైనను చదువవచ్చును. ఆర్డుపైలట్‌లో డ్రోను వేగమునుబట్టి పంపును హెచ్చించి తగ్గించు ఏర్పాటు కలదు. అట్టిది లేనిచో మలుపులకడ వేగము తగ్గినపుడు మందు ఎక్కువపడి పైరు మాడవచ్చును. అమ్మకందారు తాళము వేసిన సాఫ్ట్‌వేరైనచో, చీడ ముదిరిన వారమున యంత్రము మొరాయించిన, ఆతని మనిషి వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే.

మూలము బహిరంగమైనను మన యిష్టము వచ్చినట్లు మార్చుటకు వీలులేదు. 2021 నాటి డ్రోను నియమముల ప్రకారము ధ్రువపత్రము పొందిన రకముగనే అది యుండవలెను. కావున పరీక్ష యంతయు కొనుటకు ముందే: బ్యాటరీ తగ్గినపుడు తనంతట తిరిగివచ్చునా? మరమ్మతు మన జిల్లాలో జరుగునా? ఎగిరిన లెక్కలు ఎవరివి? మేము చూచిన యొక కరారులో అవి అమ్మకందారువని సన్నని యక్షరములతో వ్రాసియుండెను. ఆ పంక్తిని కొట్టివేయించిన పిమ్మటనే సంతకము చేయుడు.