బట్టల స్టాండుకు కీళ్లే ప్రాణం

బట్టలు ఆరేసుకునే స్టాండు కొన్న ఏడాదికో రెండేళ్లకో మూలన పడటం మనకు బాగా అలవాటైపోయింది. దాన్ని ఎవరూ తయారీ లోపంగా లెక్కపెట్టరు. అపార్ట్‌మెంటు మేడ మీదో పాత సామాన్ల బండిలోనో అలాంటి స్టాండు కనిపిస్తే ఒకసారి దగ్గరగా చూడండి. బట్టలు మోసే అడ్డ పైపులు చాలావరకు బాగానే ఉంటాయి. విరిగింది మూలలో ఉన్న ప్లాస్టిక్ ముక్క. ఊడింది కాళ్లు కలిసే చోట కొట్టిన రివిట్. తుప్పు తిన్నది ఆ రివిట్ కోసం పైపుకు వేసిన బెజ్జం చుట్టూ ఉన్న జానెడు మేర. మిగతా ఇనుమంతా పనికొచ్చే స్థితిలో ఉండగానే స్టాండు పారేయాల్సి వస్తోంది. కాబట్టి మంచి స్టాండు కావాలంటే ముందుగా చూడాల్సింది ఇనుము మందం కాదు. కీళ్లు తగ్గించాలి, తప్పనిసరిగా ఉండే కీళ్లను వానకీ ఎండకీ తట్టుకునేలా, ఇంట్లోనే విప్పి మార్చుకునేలా చేయాలి.

పైపులు విరగవని చెప్పడానికి చిన్న లెక్క చాలు. 12 మి.మీ. లావు, అర మి.మీ. గోడ ఉన్న మీటరు పొడవు ఇనుప పైపును రెండు చివర్లా ఆనించి, దాని మీద కిలోన్నర తడి బట్టలు సమంగా పరిస్తే నడుమ కిందికి దిగేది సుమారు 3 మి.మీ. కంటికి ఆననంత వంపు అది. మొత్తం బరువు మాత్రం తక్కువేమీ కాదు. 5 కిలోల పొడి నూలు బట్టలు వాషింగ్ మెషీన్‌లో నిమిషానికి వెయ్యి తిరుగుళ్ల వేగంతో పిండుకున్నా వాటిలో దాదాపు 3 లీటర్ల నీరు మిగులుతుంది. అంటే స్టాండు మీదికి 8 కిలోలు ఎక్కుతాయి. చేత్తో పిండితే అంతకన్నా ఎక్కువే. అయినా ఆ 8 కిలోలు నిలువుగా కిందికి దిగినంతసేపూ ఏ నాసిరకం స్టాండైనా మోస్తుంది. చిక్కంతా పక్క నుంచి తగిలే తోపుతోనే. బాల్కనీలో గాలి దుప్పటిని తెరచాపలా నింపినప్పుడు, తడి బట్టలతోనే స్టాండును ఎండ ఉన్న వైపుకు లాగినప్పుడు, కాళ్లు పక్కకు ఒరగాలని చూస్తాయి. 80 సెం.మీ. పొడవున్న కాలు 2 సెం.మీ. లోతున్న ప్లాస్టిక్ గూటిలో దూరి ఉందనుకోండి. అడుగున 2 కిలోల పక్కతోపు తగిలితే పైన ఆ గూటి గోడల మీద పడే ఒత్తిడి నలభై రెట్లు, అంటే 80 కిలోలు. గూడు పగలడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఆ ఒత్తిడిని ప్లాస్టిక్ కొత్తలో ఓర్చుకుంటుంది. ఎండలో ఉన్నకొద్దీ పెళుసెక్కుతుంది. తెల్లటి మూల ముక్కను వేలితో రాస్తే సున్నంలాంటి పొడి అంటుతుందంటే, ఎండలోని అతినీల లోహిత కిరణాలు దాని పైపొరను అప్పటికే విరగ్గొట్టాయన్నమాట. ఇది ప్లాస్టిక్‌కు తప్పని రాత ఏమీ కాదు. పొలాల్లో డ్రిప్ పైపులు ఏళ్ల తరబడి ఎండలోనే పడి ఉంటాయి. వాటికి ఆ నలుపు అందం కోసం పూసింది కాదు, కిరణాలను అడ్డుకోవడానికి కలిపిన కార్బన్ బ్లాక్. రోజంతా ఎండలో ఉండాల్సిన వస్తువుకు ఆ జాగ్రత్త తీసుకోకపోవడం అలసత్వం తప్ప మరేమీ కాదు. ఇనుము సంగతి వేరు. పైపు బయటి గోడకు పౌడర్ కోటింగ్ వేస్తారు గానీ లోపలి గోడకు వేయరు. రివిట్ బెజ్జం గుండా, వదులైన మూత సందు గుండా బట్టల నీరు లోపలికి దిగుతుంది. దిగిన నీటికి బయటికి దారి ఉండదు. పైకి నిగనిగలాడుతున్న పైపు లోపల్నుంచి తినేసుకుంటూ వస్తుంది. తెల్ల చొక్కా మీద గోధుమరంగు గీత పడేసరికి లోపల పని సగం పూర్తయి ఉంటుంది. పైగా బెజ్జం వేసే చోటు ఏది? కాలు మీద ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా ఉండే చోటే. బలం కావాల్సిన చోటే లోహాన్ని తొలిచేసి, అక్కడే నీటికి తలుపు తెరిచినట్టు.

ఎక్కువకాలం నిలిచిన నమూనాలను పరిశీలిస్తే కీళ్లే కీలకమన్న మాటకు బలం దొరుకుతుంది. మన పాత ఇళ్లలో దూలానికి రెండు తాళ్లు కట్టి, వాటి మధ్య వెదురు వేలాడదీసిన దండేనికి బిగుసుకుపోయిన కీలంటూ లేదు. తాడు పాతబడితే తాడు మారుస్తారు, వెదురు పుచ్చితే వెదురు మారుస్తారు, మిగతాది అలాగే ఉంటుంది. బ్రిటన్‌లో విక్టోరియా కాలం నుంచి వాడుతున్న పైకప్పు దండెం కూడా అదే పద్ధతి: రెండు పోత ఇనుప కొసలు, వాటిలో దూర్చిన నాలుగు చెక్క బద్దలు, గిలకల మీదుగా పోయే తాడు. స్కాట్లాండ్ ఇళ్లలో ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి. ఆస్ట్రేలియా వాళ్ల పెరట్లో గొడుగులా తిరిగే పెద్ద స్టాండు కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1945లో అడిలైడ్‌లో లాన్స్ హిల్ తయారీ మొదలుపెట్టి దానికి ఇంటింటా పేరు తెచ్చాడు గానీ, అంతకు ముందే గిల్బర్ట్ టోయిన్ 1911 నుంచి అలాంటి స్టాండ్లకు పేటెంట్లు తీసుకుంటూ వచ్చాడు. ఆయన 1925 నమూనా పూర్తిగా లోహంతో చేసింది. పైకీ కిందికీ తిప్పే పళ్ల చక్రాలను ఆయన వాన తగలకుండా ఒక గూటిలో మూసి పెట్టాడు. ఆ పేటెంటు గడువు తీరాక హిల్ కంపెనీ సరిగ్గా ఆ ఏర్పాటునే తీసుకుంది. కదిలే కీలు ఒక్కటి తప్పనిసరైనప్పుడు, ఉన్న శ్రద్ధంతా దాని మీదే పెట్టాలని ఆ పనివాళ్లకు తెలుసు.

తాడు దండెం అన్నిటికన్నా మేలు కదా, స్టాండు గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. చోటున్న ఇంట్లో అది నిజమే. కాకపోతే తాడు కట్టే పద్ధతిలో ఒక మెలిక ఉంది. నాలుగు మీటర్ల తాడు నడుమ 10 కిలోల తడి దుప్పటి వేసి, అది 10 సెం.మీ. కన్నా కిందికి దిగకూడదని బిగించి కడితే తాడులో లాగుడు 100 కిలోలకు చేరుతుంది. గోడలో కొట్టిన మేకు ఊడి రావడం అందుకే. అదే తాడును 40 సెం.మీ. దిగేలా వదులుగా కడితే లాగుడు 25 కిలోలకు పడిపోతుంది. బిగువుగా కట్టిన దండెం చూడముచ్చటగా ఉంటుంది, గోడకు మాత్రం అదే శత్రువు.

ఇక పడిపోవడం సంగతి. రెండు పక్కలా రెక్కల్లా తెరుచుకునే స్టాండ్లు దుకాణంలో విశాలంగా కనిపిస్తాయి. స్టాండు బరువు మూడున్నర కిలోలు, కాళ్ల మధ్య ఎడం అర మీటరు అనుకుందాం. రెక్క కొస కాలికి బయట 25 సెం.మీ. దూరంలో ఉంటే, ఆ కొస మీద మూడున్నర కిలోలు దాటగానే స్టాండు తలకిందులవుతుంది. తడి జీన్స్ ప్యాంట్లు రెండు, లావు తువ్వాళ్లు రెండు చాలు. ఇంట్లో పాకే పసిపిల్లలో, పట్టుకుని నడిచే పెద్దవాళ్లో ఉంటే ఇది చిన్న విషయం కాదు. ప్రతి రెక్కా మరో రెండు కీళ్లను కూడా వెంట తెస్తుంది. పైపులన్నీ కాళ్ల మధ్య చోటులోనే ఉండేలా చేస్తే ఈ రెండు బాధలూ ఒకేసారి తీరతాయి.

మరి తక్కువ పైపులతో, రెక్కలు లేకుండా ఇంటిల్లిపాది బట్టలు ఎలా ఆరతాయి? ఆరడమంటే బట్టలోని నీరు గాలిలోకి పోవడం. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగే ఆవిరి సుమారు 30 గ్రాములు. ముసురు పట్టి గాలిలో తేమ 80 శాతం ఉన్న రోజున అందులో మిగిలిన చోటు 6 గ్రాములే. ఆ లెక్కన 3 లీటర్లు పోవాలంటే కనీసం 500 ఘనపు మీటర్ల గాలి బట్టలను తాకుతూ పోవాలి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న గదిని పద్దెనిమిదిసార్లు నింపినంత గాలి. పైపుల మధ్య 6 సెం.మీ. ఎడం మాత్రమే వదిలితే పక్కపక్క బట్టలు అంటుకుని, మధ్యలో చిక్కుకున్న గాలి తేమతో నిండిపోయి అక్కడే ఉండిపోతుంది. ముక్క వాసన మొదలయ్యేది ఆ సందులోనే. పన్నెండు సన్న పైపులు కిక్కిరిసినట్టు పెట్టే బదులు ఆరు లావు పైపులు 12 సెం.మీ. ఎడంతో పెడితే గాలి ఆడుతుంది. పైపు లావుగా ఉంటే మడత రెండు పక్కలూ ఒకదానికొకటి అంటుకోవు, గీత కూడా పడదు. పైపు కొసలు ఇరవై నాలుగు ఉండాల్సిన చోట పన్నెండే ఉంటాయి, అంటే పాడయ్యే చోట్లు సగానికి తగ్గుతాయి.

పైపు పొడవు మన బట్టల్ని బట్టి తేల్చాలి. చీర పన్నా దాదాపు 1.15 మీటర్లు, లుంగీ పన్నా ఇంకొంచెం ఎక్కువ. మీటరు పైపు మీద చీర వేయాలంటే అంచు మడవక తప్పదు, ఆ మడిచిన అంచే చివరిదాకా తడిగా ఉంటుంది. పైపు 1.25 మీటర్లుంటే అయిదున్నర మీటర్ల చీరను మూడు పైపుల మీదుగా పైకీ కిందికీ తిప్పుతూ ఒంటి పొరగా వేయవచ్చు. ఒక్కో వేలాడే భాగం 90 సెం.మీ. పైచిలుకు ఉంటుంది కాబట్టి పైపులు 1.1 మీటర్ల ఎత్తున ఉండాలి. ఆరు పైపుల మీద రెండు చీరలు నలగకుండా ఆరతాయి. పైపు 19 మి.మీ. లావు, 0.8 మి.మీ. గోడతో ఉంటే 2 కిలోల తడి బరువుకు ఒకటిన్నర మి.మీ. కూడా వంగదు. ఈ పైపులకు బోల్టులూ రివిట్లూ అక్కర్లేదు. రెండు పక్క చట్రాల మీద వెల్డింగ్ చేసిన గిన్నెల్లాంటి చిన్న గూళ్లలో కూర్చుంటే చాలు, కావాలంటే పైకెత్తి తీసేయవచ్చు. చట్రాలను అడుగున రెండు కడ్డీలు కలపాలి, నాలుగు 8 మి.మీ. బోల్టులతో. వెనక వైపు ఏటవాలుగా ఒక పట్టీ బిగించాలి. త్రికోణం ఏర్పడితే పక్కతోపు కీలును వంచడం మాని పట్టీని లాగడం మొదలుపెడుతుంది, ఇనుముకు లాగుడు ఒక లెక్క కాదు. పైపు చివర్లు మూసి నీరు పట్టి ఉంచే కన్నా, చట్రం కాళ్ల అడుగున చిల్లు వదిలి నీరు కారిపోనివ్వడం మేలు.

లోహం ఏదన్న ప్రశ్న దీని తర్వాతే వస్తుంది. దుకాణంలో ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) అని చెప్పి అమ్మేదంతా ఒక రకం కాదు. 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, ఉప్పుగాలికి అది త్వరగా లొంగుతుంది. అయస్కాంతం పెట్టి చూసి తేల్చేద్దామనుకుంటే కుదరదు, రెండింటికీ అది గట్టిగా అంటుకోదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల బిల్లు మీద 304 అని రాయించుకోవడం అవసరం. హైదరాబాదులోనో కర్నూలులోనో అయితే జింకు పూత వేసిన మామూలు జీఐ పైపు చాలు.

ఇదంతా చేస్తే ఖరీదు పెరుగుతుందనేది తయారీదారుల మొదటి మాట. పెరుగుతుంది, కాదనలేం. అయితే పెరిగేది ఇనుము దగ్గరే, బోల్టుల దగ్గర కాదు. రెక్కలు, మడత కీళ్లు, మూల ముక్కల అచ్చులు పోవడంతో మిగిలే ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి. మడవలేని స్టాండు చిన్న ఇంట్లో ఎలాగన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. నా ఉద్దేశంలో మన ఇళ్లలో స్టాండు ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. ఇల్లు మారినప్పుడో చుట్టాలొచ్చినప్పుడో తీయడానికి నాలుగు బోల్టులూ ఏటవాలు పట్టీ విప్పితే అది గోడకు ఆనించే కట్ట అవుతుంది. రోజూ మడవక తప్పని వాళ్లకు ఒకే ఒక్క కీలున్న నమూనా ఇవ్వవచ్చు, ఆ కీలులో రివిట్ బదులు బోల్టూ నైలాన్ బుష్షూ వేసి. ఆరు కిలోల స్టాండును పెద్దవాళ్లు ఎత్తలేరన్నది కూడా సబబైన మాటే. ఎత్తే అవసరం లేకుండా ఒక పక్క కాళ్లకు చక్రాలు పెట్టాలి, ఆ బరువే దాన్ని పడకుండా ఆపుతుంది.

మెషీన్‌లోనే ఆరబెట్టేస్తే సరి అనేవాళ్లూ ఉన్నారు. 3 లీటర్ల నీటిని ఆవిరి చేయడానికే దాదాపు 2 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి స్టాండుకు ఉచితంగా ఇస్తుంది, మామూలు డ్రైయర్ మీటరు తిప్పి ఇస్తుంది. ఎండే కరువైన ఊళ్లలో డ్రైయర్ అక్కరకు రావచ్చు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ కాసే చోట దానికి స్టాండు స్థానం ఇవ్వడం నాకు సమంజసంగా తోచదు.

ఈ మధ్య అపార్ట్‌మెంట్లలో పైకప్పుకు బిగించే గిలకల దండెం బాగా ప్రచారంలోకి వచ్చింది. నేల చోటు తినదు, కీళ్లూ లేవు, మంచి ఏర్పాటే. దానికి మాత్రం శ్లాబులో గట్టి ఫాస్టెనర్లు దిగాలి, అద్దె ఇంట్లో చాలామంది యజమానులు బెజ్జాలు వేయనివ్వరు. నేల మీది స్టాండు అవసరం అందుకే పోదు. దాన్ని తయారుచేసేవాళ్లు చేయగలిగిన తేలికైన మేలు ఒకటుంది: పెట్టెలో రెండు బుష్షులు, రెండు బోల్టులు అదనంగా వేసి, వాటి కొలతలు చట్రం మీద చెరగని అక్షరాలతో అచ్చువేయడం. అయిదేళ్ల తర్వాత ఒక కీలు వదులైతే ఆ కొలత చూసుకుని ఊళ్లోని హార్డ్‌వేర్ కొట్టులో అడిగి తెచ్చుకోవచ్చు.