గీత దాటిన గోల్‌కీపర్

డిఫెండర్లందరినీ దాటేసి ప్రత్యర్థి ఆటగాడు బంతితో దూసుకొస్తున్నాడు. 1950ల నాటి గోల్‌కీపర్ ఏం చేసేవాడు? చాలామటుకు రెండు స్తంభాల మధ్యే నిలబడి, చేతులు చాపి, దేవుడి మీద భారం వేసేవాడు. హంగేరీ గోల్‌కీపర్ జ్యులా గ్రోషిచ్ దారే వేరు. నల్ల దుస్తుల్లో గోలు వదిలేసి ఎదురు పరిగెత్తేవాడు. పెనాల్టీ బాక్సు దాటితే బంతిని చేత్తో ముట్టుకునే హక్కు ఉండదు కదా... అందుకని కాలితోనే అవతలికి తన్నేసేవాడు. 'నల్ల చిరుత' అని పేరొచ్చింది అందుకే.

చూసేవాళ్లకి దుడుకుతనంలా కనిపించినా దాని వెనక లెక్క ఉంది. ఆ హంగేరీ జట్టుకి గోలు కొట్టడమే ధ్యాస. అంతా ముందుకెళ్లిపోతే వెనక మిగిలే ఖాళీకి గ్రోషిచే కాపలా. 2014 ప్రపంచకప్‌లో జర్మనీ కీపర్ మాన్యువెల్ నోయర్ ఇలా ఆడుతుంటే జనం నోరెళ్లబెట్టారు. గ్రోషిచ్ ఆ పని అరవై ఏళ్ల ముందే చేశాడు!

1926లో దొరోగ్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు గ్రోషిచ్. కొడుకు చర్చిలో ఫాదర్ కావాలన్నది తల్లి కోరిక. అతనేమో బంతి వెనక పడ్డాడు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్ స్వర్ణం. మరుసటేడు లండన్ వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్‌పై 6-3తో గెలుపు. బ్రిటన్, ఐర్లాండ్‌ల బయటి జట్టు చేతిలో ఇంగ్లండ్ సొంతగడ్డ మీద ఓడటం అదే మొదటిసారి. 1950 మే తర్వాత నాలుగేళ్లు అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో హంగేరీకి ఓటమన్నదే లేదు.

1954 జులై 4, బెర్న్. ప్రపంచకప్ ఫైనల్. ఎదుట పశ్చిమ జర్మనీ. లీగ్ దశలో ఇదే జట్టుని హంగేరీ 8-3తో చితక్కొట్టింది. వానలో మొదలైన ఫైనల్లోనూ ఎనిమిది నిమిషాలకే 2-0 ఆధిక్యం. ఇంకేముంది అనుకుంటుండగానే జర్మన్లు పద్దెనిమిదో నిమిషానికల్లా స్కోరు సమం చేశారు. ఆ రెండో గోలప్పుడు కార్నర్ బంతి కోసం ఎగిరిన గ్రోషిచ్‌ని జర్మన్ ఆటగాడు షేఫర్ ఢీకొన్నాడు. రిఫరీ ఫౌల్ ఇవ్వలేదు. 84వ నిమిషంలో హెల్మూట్ రాన్ ఎడమకాలితో కొట్టిన బంతి గ్రోషిచ్ చేతికి అందకుండా లోపలికెళ్లింది. 3-2.

బుడాపెస్ట్ వీధుల్లో జనం ఆగ్రహంతో ఊగిపోయారు. ఆ ఏడాది చివర్లోనే గ్రోషిచ్‌ని అరెస్టు చేశారు. గూఢచర్యం, దేశద్రోహం అనుమానాలట! కమ్యూనిస్టు ప్రభుత్వానికి అతని మీద నమ్మకం ఎప్పుడూ లేదు. 1949లో దేశం దాటబోయి పట్టుబడినవాడాయె. నెలల తరబడి విచారించారు, ఆటకు దూరం పెట్టారు. సాక్ష్యం మాత్రం దొరకలేదు. చివరికి హోన్వేద్ లాంటి పేరున్న క్లబ్బు నుంచి గనుల పట్టణం తతాబాన్య జట్టుకి పంపేశారు.

1956 తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణిచేశాక సహచరులు పుష్కాష్, కోచిష్, సిబోర్ విదేశాల్లోనే ఉండిపోయారు. స్పెయిన్‌లో పేరూ డబ్బూ సంపాదించారు. గ్రోషిచ్ మాత్రం తిరిగొచ్చాడు. 1958, 1962 ప్రపంచకప్‌లూ ఆడాడు. దేశం తరఫున మొత్తం 86 మ్యాచ్‌లు.

ఆఖరి రోజుల్లో అతను కోరుకున్నది ఒక్కటే. ఫెరెంత్స్‌వారోష్ క్లబ్బుకి ఆడి రిటైరవ్వాలని. 1962లో అధికారులు దానికీ ఒప్పుకోలేదు. వేరే జట్టుకి ఆడటం ఇష్టంలేక ఆటే మానేశాడు.

2008 మార్చిలో ఫెరెంత్స్‌వారోష్ ఆయన్ని పిలిచింది. ఇంగ్లండ్ జట్టు షెఫీల్డ్ యునైటెడ్‌తో స్నేహపూర్వక మ్యాచ్. 82 ఏళ్ల గ్రోషిచ్ ఆ క్లబ్బు తరఫున మైదానంలో దిగారు. ఆట మొదలైన కొద్దిసేపటికే మరో కీపర్‌కి చోటిచ్చి బయటికొచ్చారు. ఆ తర్వాత ఒకటో నంబరు జెర్సీ మరెవరికీ ఇవ్వబోమని క్లబ్బు ప్రకటించింది. 2014 జూన్ 13న, బ్రెజిల్‌లో ప్రపంచకప్ మొదలైన మర్నాడు, ఆయన కన్నుమూశారు.